టికెట్ కొన్నవాళ్ళ వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సినిమాటోగ్రఫీ శాఖల మంత్రులకు,
రెండు రాష్ట్రాల హోంశాఖ ముఖ్య కార్యదర్శులకు, చలనచిత్రాభివృద్ధి సంస్థల అధ్యక్షులకు,
తెలుగు ఫిలిం ఛాంబర్‌కు, నిర్మాతల మండలికి, ఎగ్జిబిటర్ల సంఘాలకు

విషయం: టికెట్ ధరలు, విడుదలయ్యాక మారిపోతున్న సినిమాలు, థియేటర్ల దగ్గర జనం భద్రత, సినిమా బాగాలేదని చెప్పే హక్కు గురించి ప్రేక్షకుల విన్నపం.



మేము టికెట్ కొని సినిమా చూసేవాళ్ళం. మాలో ఆటో నడిపేవాళ్ళు, బడిపంతుళ్ళు, బట్టల కొట్లో పనిచేసేవాళ్ళు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు, పండక్కి ఇంటిల్లిపాదినీ హాలుకు తీసుకెళ్ళే ఆడవాళ్ళు ఉన్నారు. కొందరం ఒకప్పుడు కటౌట్లకు దండలు వేసినవాళ్ళమే. ఏ హీరోకీ వ్యతిరేకులం కాము, ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. ఈ కాగితంలో పెద్ద పెద్ద సినిమాల గురించి మొహమాటం లేకుండా మాట్లాడాం. పెద్దల సినిమా గురించి ఉన్నదున్నట్టు మాట్లాడే అలవాటు మన దగ్గర పోయింది కాబట్టి కొన్ని మాటలు మీకు కటువుగా తోచవచ్చు. అయినా చదవమని కోరుతున్నాం.

గత రెండేళ్ళలో తెలుగు సినిమా గురించి జరిగిన చర్చలన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. 2024 డిసెంబరులో హీరోలు, నిర్మాతలు, దర్శకులు తెలంగాణ ముఖ్యమంత్రిని కలిశారు. 2025 మే నెలలో అద్దె పద్ధతి వద్దు, వసూళ్ళలో వాటా కావాలంటూ ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్ళు మూస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోప్పడింది, తర్వాత హాళ్ళు తెరిచే ఉంచారు. ఆగస్టులో సినీ ఫెడరేషన్ కార్మికులు ముప్పై శాతం కూలి పెంచమని పద్దెనిమిది రోజులు షూటింగులు ఆపారు. కార్మిక శాఖ మధ్యవర్తిత్వంలో మూడేళ్ళకు దశలవారీ పెంపు ఒప్పందమైంది. ఆ పెంపును మేము మనసారా స్వాగతించాం. లైట్‌బాయ్‌కి, మేకప్ చేసేవాళ్ళకు, జూనియర్ ఆర్టిస్టుకు కూలి సరిగ్గా అందాలి. కానీ ఈ అన్ని బల్లల దగ్గరా ఒక కుర్చీ లేదు. నిర్మాత పెట్టుబడి, హీరో పారితోషికం, హాలు అద్దె, కార్మికుడి కూలి, ప్రభుత్వ పన్ను, అన్నీ చివరికి ఎవరి జేబులోంచి వస్తాయో ఆ మనిషిని ఎవరూ పిలవలేదు. మా విన్నపం మొత్తం ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ధర సంగతి. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన జీవో 120 ప్రకారం ఏసీ హాల్లో టికెట్ 50 నుంచి 150 రూపాయల దాకా, మల్టీప్లెక్సులో 100 నుంచి 250 దాకా, పైన పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు పంచాయతీల్లో టికెట్‌ను ఐదు, పది రూపాయలకు దించి హాళ్ళను నడవనివ్వని జీవో ఒకటి వచ్చింది. దాన్ని సరిదిద్దుతూ 2022 మార్చిలో 20 నుంచి 250 రూపాయల దాకా కొత్త ధరలు ప్రకటించారు. ఐదు రూపాయల టికెట్‌ను మేమూ సమర్థించలేదు. హాలు నడవాలంటే కరెంటు బిల్లు కట్టాలని, మనుషులకు జీతాలివ్వాలని మాకు తెలుసు. తర్వాత వచ్చిన ధరలు మాకు అందుబాటులోనే ఉన్నాయి.

అయితే ఆ ధరకు పెద్ద సినిమా చూసే అవకాశం మాకు దక్కడం లేదు. పెద్ద సినిమా దాదాపు ప్రతిదానికీ ప్రత్యేక అనుమతి వస్తోంది. 'పుష్ప 2' ప్రీమియర్‌కు తెలంగాణలో మామూలు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా పెంచుకోనిచ్చారు. ఆంధ్రలో పన్నుతో కలిపి 944 అయింది. 2025 సెప్టెంబరులో 'ఓజీ'కి ఆంధ్రలో అర్ధరాత్రి ఒంటిగంట ఆటకు వెయ్యి రూపాయలు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు వెళితే నాలుగు వేలు. నెలకు పదిహేను వేలు తెచ్చుకునే ఇంట్లో ఇది వారం రోజుల సంపాదన కన్నా ఎక్కువ. అర్ధరాత్రి ఆట అభిమానుల కోసం, ఇష్టమున్నవాడు కొనుక్కుంటాడని మీరు అంటారు. సరే. మరి ఆ తర్వాత పది రోజుల పాటు ఒక్కో టికెట్ మీద నూరో నూటయాభయ్యో పెంచారే, అది ఎవరి కోసం? సినిమాకు కుటుంబాలు కదిలేది ఆ పది రోజుల్లోనే. పండగ సెలవులు అందులోనే వస్తాయి. ధర తగ్గేసరికి పిల్లలకు బడి మొదలవుతుంది, హాల్లో సినిమా మారిపోతుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలలోపు టికెట్ మీద పన్ను ఐదు శాతానికి తగ్గింది, వంద దాటితే పద్దెనిమిది. కేంద్రం ఇచ్చిన ఆ కాస్త ఊరట కూడా ధర పెంచిన రోజున చిన్న ఊళ్ళ ప్రేక్షకుడికి అందకుండా పోతోంది.

దీనికంటే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఈ వ్యవహారంలోని అయోమయం. 'పుష్ప 2' ప్రీమియర్ రాత్రి తొక్కిసలాట తర్వాత, 2024 డిసెంబరు 21న తెలంగాణ శాసనసభలో ఇకమీదట బెనిఫిట్ షోలుండవు, ధరల పెంపూ ఉండదని ముఖ్యమంత్రి ప్రకటించారు. మేము సంతోషించాం. మూడు వారాలు తిరగకుండానే 'గేమ్ చేంజర్'కు తెల్లవారుజాము ఆటలకూ పెంపుకూ అనుమతి వచ్చింది. హైకోర్టు ప్రశ్నించాక ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో 'ఓజీ'కి మళ్ళీ పెంపు మెమో వచ్చింది. సింగిల్ జడ్జి దాన్ని నిలిపేశారు, డివిజన్ బెంచ్ ఆ నిలుపుదలను నిలిపేసింది. డిసెంబరులో 'అఖండ 2'కు మళ్ళీ అనుమతి, మళ్ళీ కోర్టు. మధ్యలో అప్పటికే ఆన్‌లైన్‌లో పెంచిన ధరకు కొనుక్కున్నవాడి గతేమిటి? తన డబ్బు తిరిగొస్తుందా రాదా, ఎవరిని అడగాలి, అసలు ఆ ఆట ఉంటుందా ఉండదా, ఏదీ తెలియదు. రేపటి ఆట ధరను ఈ రాత్రి కోర్టు తేల్చే వ్యాపారం రాష్ట్రంలో మరొకటి మాకు కనిపించలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 'ఓజీ' కథానాయకుడు ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి. 'అఖండ 2' కథానాయకుడు అధికార పక్షం శాసనసభ్యుడు. చట్టానికి విరుద్ధంగా ఏదో జరిగిందని మేము అనడం లేదు. పెంపు కావాలంటే ఎవరైనా, తన సినిమా అయినా సరే, ఫిలిం ఛాంబర్ ద్వారానే రావాలని ఉప ముఖ్యమంత్రి 2025 మేలో చెప్పారు. హాళ్ళలో తినుబండారాల ధరలు, మరుగుదొడ్ల శుభ్రత తనిఖీ చేయమని కూడా అప్పుడే ఆదేశించారు. ఆ రెండు మాటలకూ మా కృతజ్ఞతలు. కానీ ప్రభుత్వంలో ఉన్న మనిషి నటించిన సినిమాకు అదే ప్రభుత్వం ధర పెంచుతుంటే, ఎంత నిజాయితీగా పెంచినా మాకు నమ్మకం కలగదు. ఆ నిర్ణయం ప్రభుత్వం చేతిలో ఉండకూడదు.

అందుకని మేము కోరేది ఇది. సినిమాకో మెమో ఇచ్చే పద్ధతికి స్వస్తి చెప్పండి. ఏడాదికొకసారి ధరల పట్టిక ప్రకటించండి. పెంపు ఇవ్వక తప్పదనుకుంటే దానికీ ఒక గరిష్ఠ పరిమితి, ఒక కాలపరిమితి ఆ పట్టికలోనే రాయండి. విడుదలకు పదిహేను రోజుల ముందు ఖరారు కాని ధర ఆ సినిమాకు వర్తించకూడదు. పెంపును కోర్టు కొట్టేస్తే, కొన్నవాడు అడగక్కరలేకుండానే తేడా డబ్బు వారంలోగా అతని ఖాతాలో పడాలి. పెంచిన ధరలో ఇరవై శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలని 2025లో తెలంగాణ ప్రభుత్వం అంది. కార్మికులకు వెళ్ళే పైసాకు మేము అడ్డురాము. కానీ అది మా జేబులోంచి తీసిన డబ్బు. ఎంత వచ్చింది, ఎవరికి చేరింది అనే లెక్కను సినిమా సినిమాకూ బయటపెట్టండి. హీరో పారితోషికంలో ఇరవై శాతం ఇవ్వమని ఎవరూ ఎందుకు అడగలేదన్నది మాకు ఇప్పటికీ అర్థం కాని విషయం.

ధర పెంచకపోతే పెద్ద సినిమా బతకదనే వాదన మేము ఒప్పుకోం. 2025 సెప్టెంబరులో వచ్చిన 'మిరాయ్' మామూలు ధరలకే ఆడింది. గ్రాఫిక్స్ బరువున్న సినిమా అది. 2024 సంక్రాంతికి 'హనుమాన్'కు తొలి రోజుల్లో హైదరాబాదులో దొరికిన హాళ్ళే తక్కువ. అయినా మామూలు టికెట్‌తోనే జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 'కోర్ట్', 'లిటిల్ హార్ట్స్' ఏ మెమో కోసం సచివాలయం మెట్లు ఎక్కాయి? వాటిలో కథ ఉంది, మాటలు మన ఇళ్ళలో వినిపించే మాటలు. 'కోర్ట్'లో కొత్త కుర్రాడూ అమ్మాయీ నటిస్తే హాలు నిండింది. 'గేమ్ చేంజర్'లో నిజాయితీపరుడైన అధికారి, అవినీతి మంత్రి అనే పాత చట్రంలోనే దాదాపు మూడు గంటలు తిప్పారు. శంకర్ గారి 'జెంటిల్‌మన్', 'భారతీయుడు' చూసి పెరిగిన మాకు ఆ చట్రం అరిగిపోయిందని తొలి అరగంటలోనే తెలిసిపోయింది. పాటలకే డెబ్బై అయిదు కోట్లు ఖర్చు పెట్టామని ప్రచారం చేశారు. ఆ ఖర్చు మేము పెట్టమనలేదు. దాన్ని టికెట్ మీద మా దగ్గర వసూలు చేయడం న్యాయం కాదు.

ఆ సినిమా పేరు ఎత్తాం కాబట్టి, మా విన్నపంలో అన్నిటికన్నా కొత్తది, మేము గట్టిగా పట్టుబడుతున్నది ఇక్కడే చెబుతాం. విడుదల రోజున 'గేమ్ చేంజర్'లో 'నానా హైరానా' పాట లేదు. సాంకేతిక కారణాల వల్ల తొలి ప్రింట్లలో పెట్టలేకపోయామని, తర్వాత కలుపుతామని చిత్రబృందమే ప్రకటించింది. వారాల తరబడి ఊరూరా మోగిన పాట అది. ఆంధ్రలో ఒంటిగంట ఆటకు 600 రూపాయలు పెట్టి వెళ్ళినవాడు ఆ పాట చూడలేదు. కొన్ని రోజులాగి తక్కువ రద్దీలో వెళ్ళినవాడు చూశాడు. 'పుష్ప 2' విడుదలైన ఆరు వారాలకు ఇరవై నిమిషాలు కలిపి 'రీలోడెడ్' అన్నారు. అప్పటికే మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. జాతర ఘట్టంలో అల్లు అర్జున్ నటనకు మేమూ లేచి నిలబడ్డాం. కానీ రెండో సగంలో కథ ఎటు పోయిందో తెలియక కూర్చున్నాం కూడా. దానికి కావలసింది కత్తెర, మీరు మరికొంత అతికించారు. 'హరిహర వీరమల్లు' ఐదేళ్ళు తీశారు, దర్శకుడు మారాడు. తీరా విడుదలయ్యాక గ్రాఫిక్స్ చూసి జనం నవ్వితే కొన్ని సన్నివేశాలు తీసేసి మళ్ళీ పంపారు. 2026 సంక్రాంతికి 'రాజా సాబ్' విడుదలైన మర్నాడే కొత్తగా సన్నివేశాలు కలిపారు.

సగం ఉడికిన అన్నం మొదటి పంక్తిలో వడ్డించి, ఉడికిన అన్నం రెండో పంక్తికి పెట్టి, మొదటి పంక్తివాళ్ళ దగ్గరే ఎక్కువ డబ్బు తీసుకున్నట్టుంది ఇది. అత్యధిక ధర చెల్లించినవాడికి అసంపూర్తి సినిమా దక్కుతోంది. మొదటిరోజు వచ్చేవాడు మీకు అందరికన్నా దగ్గరివాడు. టీజర్‌కు చప్పట్లు కొట్టింది వాడు, సెలవు పెట్టి వచ్చింది వాడు, సినిమా ఎలా ఉందో ఊళ్ళో పదిమందికీ చెప్పేది కూడా వాడే. వాడి మీద మీరు సినిమాను పరీక్ష చేసి చూసుకుంటున్నారు. సెన్సార్ సర్టిఫికెట్ పొందిన సినిమాలో ఏ మార్పు చేసినా మళ్ళీ బోర్డుకు చెప్పి ఆమోదం పొందాలి కదా. ఆ ఆమోదం ఏ రోజు వచ్చింది, ఎన్ని నిమిషాలు పెరిగింది, ఎన్ని తగ్గాయి అనే వివరాలు హాలు గుమ్మం దగ్గరా, టికెట్ అమ్మే యాప్‌లోనూ పెట్టించండి. విడుదలైన నెలలోపు ఐదు నిమిషాలకు మించి మార్పు జరిగితే, అంతకుముందు టికెట్ కొన్న ప్రతివాడికీ అదే హాల్లో మరోసారి ఉచితంగా చూసే హక్కు ఇవ్వండి. ఈ ఒక్క నియమం వస్తే విడుదల తేదీ ముందే ప్రకటించి, ఆఖరి రాత్రిదాకా గ్రాఫిక్స్ పనివాళ్ళను నిద్రపోనివ్వకుండా పరుగెత్తించే పద్ధతి కూడా కొంత తగ్గుతుంది. ఆ పనివాళ్ళు కూడా ఎవరో కాదు, మా ఇళ్ళ పిల్లలే.

వసూళ్ళ పోస్టర్ల గురించి ఎక్కువ రాయం. 'గేమ్ చేంజర్' మొదటిరోజు ప్రపంచవ్యాప్తంగా 186 కోట్లు వచ్చాయని పోస్టర్ వేశారు. సినిమా వ్యాపారం తెలిసినవాళ్ళే దాన్ని నమ్మలేదు. ఏ హీరో అంకె పెద్దదని కుర్రాళ్ళు ఊళ్ళలో కొట్టుకుంటున్నారు. కాలేజీ హాస్టళ్ళలో స్నేహాలు పోతున్నాయి. ఆడిటర్ సంతకం లేని అంకెను పోస్టర్ మీద వేయకూడదని ఛాంబర్ ఒక తీర్మానం చేస్తే చాలు. లేదా అసలు అంకెలే వేయకండి. సినిమా నచ్చిందా లేదా అన్నదానికి ఆ అంకెతో మాకు పని లేదు.

ఇక మాట్లాడే హక్కు. 2024 ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ స్టార్' మీద దుష్ప్రచారం జరుగుతోందని పోలీసులకు ఫిర్యాదు చేశారు. డబ్బు తీసుకుని, దొంగ ఖాతాలతో ఒక సినిమాను చంపాలని చూసేవాళ్ళను తప్పకుండా పట్టుకోండి, మేము మీ పక్షమే. కానీ ఆ పేరు చెప్పి మామూలు మనుషుల నోరు కూడా మూయిస్తున్నారు. తమిళ నిర్మాతలు మొదటి మూడు రోజులు యూట్యూబ్ రివ్యూలు ఉండకూడదని 2024 చివర్లో మద్రాసు హైకోర్టుకు వెళితే, కోర్టు కాదంది. అది జరిగిన ఏడాదికే, 2026 సంక్రాంతికి 'మన శంకర వరప్రసాద్ గారు' విడుదలకు ముందు కోర్టు ఉత్తర్వు తెచ్చి బుక్‌మైషోలో రేటింగులు, రివ్యూలు ఆపించారు. డబ్బు కట్టి చూసినవాడు తన అభిప్రాయం రాసుకునే చోటు అది. సినిమా బాగుంటే అక్కడ పొగడ్తే వచ్చేది. నిజానికి ఆ సినిమాను చాలామంది మెచ్చుకున్నారు, ఆ మెచ్చుకోలు రాసుకునే చోటు కూడా లేకుండా చేశారు. ఇలాంటి ఉత్తర్వుల కోసం వెళ్ళబోమని నిర్మాతల మండలి బహిరంగంగా మాట ఇవ్వాలి.

మా అభిప్రాయాలు మీకు ఎందుకు నచ్చవో మాకు తెలుసు. 'ఓజీ' చూసి దర్శకుడికి ఫ్రేము ఎలా పెట్టాలో తెలుసు, కథ ఎలా చెప్పాలో ఈసారి పట్టించుకోలేదు అన్నాం. అభిమానులు మమ్మల్ని తిట్టారు. 'ది గర్ల్‌ఫ్రెండ్' గత కొన్నేళ్ళలో వచ్చిన మంచి తెలుగు సినిమాల్లో ఒకటని అన్నాం. ఆడపిల్ల ఊపిరాడని ప్రేమను, ఆ ప్రేమను మెచ్చుకునే చుట్టుపక్కల లోకాన్ని అది కళ్ళకు కట్టింది. పెద్ద సినిమాకు వచ్చిన హడావిడిలో పదో వంతు దానికి రాలేదు. ఇలా అనుకోవడం, అనడం ప్రేక్షకుడి పని. మేము ఆ పని చేయకపోతే మంచి సినిమా ఎవరి నోట బతుకుతుంది?

పైరసీని మేము సమర్థించం. 2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుణ్ణి హైదరాబాదు పోలీసులు అరెస్టు చేసినప్పుడు పరిశ్రమ పెద్దలంతా పోలీసులకు కృతజ్ఞతలు చెప్పారు, అది సబబే. దొంగ ప్రింటు వందలమంది కష్టాన్ని దోచుకోవడమే. కానీ ఆ రోజుల్లో ఎంతమంది మామూలు జనం పట్టుబడ్డవాడి వైపు మాట్లాడారో మీరూ చూశారు. వాళ్ళందరూ దొంగతనాన్ని ఇష్టపడేవాళ్ళు కారు. టికెట్ ధర, పాప్‌కార్న్ ధర, నాలుగు వారాలకే ఓటీటీలోకి వచ్చే సినిమా, ఇవన్నీ కలిసి వాళ్ళకూ మీకూ మధ్య నమ్మకాన్ని తెంపేశాయి. పోలీసులు వెబ్‌సైటు మూయించగలరు గాని ఆ నమ్మకాన్ని తెచ్చిపెట్టలేరు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి చేయి ఆడటం లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర, పిల్లవాడు అడిగాడని కుటుంబంతో 'పుష్ప 2' ప్రీమియర్‌కు వచ్చిన తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. ఆ పిల్లవాడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. హీరో అరెస్టయి, మధ్యంతర బెయిలు మీద మర్నాడు ఇంటికి వచ్చినప్పుడు, పరిశ్రమ పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ఆయన ఇంటికి వెళ్ళి పరామర్శించడం రోజంతా టీవీల్లో చూశాం. కేసు కోర్టులో ఉంది, తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, ఆయన మీద మేము తీర్పు చెప్పం. కానీ ఆ రోజు కార్లన్నీ ఒకే ఇంటి ముందు ఆగడం చూసి మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు టీవీ కట్టేశారు. చనిపోయింది మనలాంటి మనిషి, వెళ్ళింది మనలాంటి కుటుంబం, ఆ ఇంటికి కార్లు వరుస కట్టలేదని వాళ్ళకు అర్థమైంది. తర్వాత ఆ కుటుంబానికి చిత్రబృందం డబ్బు సాయం చేసింది, అది మంచిపనే. కానీ మేము మాట్లాడుతున్నది డబ్బు గురించి కాదు, ఎవరి బాధ పరిశ్రమకు ముందు గుర్తొచ్చిందన్నదాని గురించి.

ఏడాది తర్వాత, 2025 డిసెంబరులో, హైదరాబాదులో 'రాజా సాబ్' పాట విడుదల చేసిన మాల్‌లో నటి నిధి అగర్వాల్‌ను జనం ఎలా చుట్టుముట్టారో అందరూ చూశారు. ఆమె కారు ఎక్కేదాకా పడ్డ అవస్థ చూస్తే, సంధ్య థియేటర్ నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదనిపించింది. నటులు హాలుకు వచ్చేది ప్రచారం కోసమే. ఆ ప్రచారం ఖర్చు నిర్మాతది, ప్రమాదం మాది. నటులు హాలుకు గాని మాల్‌కు గాని రావాలంటే పోలీసుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ అనుమతిలో ఎంతమంది పడతారు, ఎన్ని ద్వారాలు తెరుస్తారు, అంబులెన్సు ఎక్కడ నిలుపుతారు అన్నవి ఉండాలి. ఆ కాగితం హాలు గుమ్మానికి అంటించాలి. ప్రమాదం జరిగితే మొదటి బాధ్యత నిర్వాహకులదని నియమం రాయండి. హాళ్ళ లోపల టపాసులు, పేపర్ల మంటలు పాత సినిమాల రీరిలీజుల్లో మరీ ఎక్కువయ్యాయి. 2022లో తాడేపల్లిగూడెంలో హాల్లో మంటలు అంటుకున్నాయి. అలాంటి ఆటను అక్కడికక్కడే ఆపే అధికారం మేనేజరుకు ఇవ్వండి, ఆపినందుకు అతనికి పోలీసుల అండ ఇవ్వండి. ఈ రోజుల్లో హాలు మేనేజరు అభిమానులకు భయపడి మూల నిలబడుతున్నాడు.

ఆడవాళ్ళ గురించి. 'డాకు మహారాజ్'లో 'దబిడి దిబిడి', 'రాబిన్‌హుడ్'లో 'అదిదా సర్‌ప్రైజు' పాటల్లోని స్టెప్పులు కూతుళ్ళతో కూర్చుని చూడలేకపోయాం. రెండో పాటలో అభ్యంతరం వచ్చిన స్టెప్పును హాల్లో తీసేశారు, అంటే తీయడం సాధ్యమేనన్నమాట. తెలంగాణ మహిళా కమిషన్ 2025 మార్చిలో హెచ్చరించేదాకా ఎందుకు ఆగాలి? తెర మీది సంగతి ఇది, తెర వెనక సంగతి ఇంకా ముఖ్యం. పరిశ్రమలో ఆడవాళ్ళ మీద వేధింపులను పరిశీలించడానికి 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. కేరళలో ఇలాంటి పరిశీలనే చేసిన హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చాక, మన నివేదిక కూడా బయటపెట్టమని సమంత అడిగారు. ఒక పెద్ద నటి నోరు తెరిచి అడిగితేనే పట్టించుకోకపోతే, జూనియర్ ఆర్టిస్టు ఎవరికి చెప్పుకుంటుంది? బాధితుల పేర్లు తీసేసి ఆ నివేదికను ప్రచురించండి. మేము కొనే టికెట్ మీద ఆ సినిమా సెట్‌లో ఫిర్యాదుల కమిటీ ఉందన్న ధ్రువీకరణ కూడా చూడాలని ఉంది.

చిన్న సినిమాల విషయం సంక్షిప్తంగా. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు సినిమాలు లేవని పది రోజులు మూసుకున్నాయి. పండగ వారాల్లో మాత్రం చిన్న సినిమాకు ఒక్క ఆట కూడా దొరకదు. చిన్న సినిమాలకు ప్రత్యేకంగా ఆట కేటాయించాలని ఆంధ్రప్రదేశ్ 2022 జీవోలోనే ఉంది. దాన్ని రెండు రాష్ట్రాల్లోనూ, పండగ రోజుల్లోనూ, జనం వచ్చే వేళల్లోనూ నిజంగా అమలు చేయండి. 'బలగం'ను పల్లె జనం ఊరి నడిమధ్య తెర కట్టుకుని చూశారు. ఆ జనానికి హాల్లో చోటు ఉండాలి.

హాల్లో తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలోనే చెప్పింది. మా ఊళ్ళలో చాలా హాళ్ళలో ఆ కుళాయి ఎక్కడుందో మాకు ఇంకా కనిపించలేదు. సినిమా ఎన్నింటికి మొదలవుతుందో టికెట్ మీద ప్రకటనల సమయం తీసేసి వేయండి. బెంగళూరులో ఒక ప్రేక్షకుడు ఇరవై అయిదు నిమిషాల ప్రకటనల మీదే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళి 2025లో గెలిచాడు. ఆ కేసు తర్వాత హైకోర్టుకు వెళ్ళింది. తెలుగు ప్రేక్షకుణ్ణి కోర్టుదాకా పంపకుండానే ఈ పని మీరు చేయవచ్చు.

చివరగా, ఇవన్నీ కుదరాలంటే ముందు మాకు కూర్చునే చోటు కావాలి. ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. 2021 చివర్లో టికెట్ ధరలపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కమిటీలో ప్రేక్షకుల తరఫువాళ్ళకూ చోటు ఇచ్చింది. అలాంటిదే రెండు రాష్ట్రాల్లో శాశ్వతంగా వేయండి. అందులో సగంమంది టికెట్ కొనేవాళ్ళు ఉండాలి, వాళ్ళలో సగం ఆడవాళ్ళు ఉండాలి, జిల్లాలవాళ్ళు ఉండాలి. అభిమాన సంఘాల అధ్యక్షులను ప్రేక్షకుల ప్రతినిధులుగా లెక్కవేయకండి, వాళ్ళు మాట్లాడేది హీరో తరఫున. రిటైర్డ్ న్యాయమూర్తి అధ్యక్షత వహించాలి. ధరల మీద, మార్పుల మీద, అనుమతుల మీద ఆ కమిటీ నిర్ణయాలు కారణాలతో సహా తెలుగులో వెలువడాలి.

ఈ వినతికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏది ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఎందుకు ఒప్పుకోరో రాయండి. తర్వాతి పెద్ద సినిమా ధర పెంపు దరఖాస్తు మీ బల్ల మీదికి రాకముందే మమ్మల్ని ఒక సమావేశానికి పిలవండి. మా ఖర్చులతో మేమే వస్తాం.

ఇట్లు,
టికెట్ కొని సినిమా చూసే తెలుగు ప్రేక్షకులు